డ్యూటీ చార్టులో రాయని పని

ఆసుపత్రిలో ప్రతి ఉద్యోగికీ ఒక డ్యూటీ చార్టు ఉంటుంది. ఏ వార్డు, ఏ షిఫ్టు, ఎన్ని గంటలకు రావాలి, ఏమేమి చేయాలి అన్నది అందులో రాసి ఉంటుంది. జ్వరం చూడాలి, బి.పి. చూడాలి, వేళకు మందు ఇచ్చి కేస్ షీటులో రాయాలి, నేల తుడవాలి, చెత్త వేరు చేయాలి. ఇవి చేసినవారికి నెల తిరిగేసరికి జీతం వస్తుంది. చేయనివారికి మెమో వస్తుంది.

అయితే మీరు గానీ, మీ ఇంటివారు గానీ నాలుగు రోజులు ఆసుపత్రి మంచం మీద ఉండి వచ్చినవారైతే, ఆ చార్టులో లేని పనులు ఎన్నో చూసి ఉంటారు. చదువురాని ముసలమ్మ చేతిలో చీటీ చూసి, ఎక్స్‌రే గది దాకా తోడు వెళ్లిన వార్డు బాయ్ ఉంటాడు. తన డ్యూటీ అయిపోయినా పది నిమిషాలు ఆగి, "ఆరో నంబరు మంచం ఆయనకు ఆ ఇంజెక్షను పడదు, జాగ్రత్త" అని తరువాత వచ్చిన సిస్టరుకు చెప్పి మరీ వెళ్లే నర్సు ఉంటుంది. రాత్రి రెండు గంటలకు నిద్రపట్టని రోగి పక్కన కాసేపు నిలబడి, "తెల్లారితే డాక్టరుగారు వస్తారులే నాన్నా" అని ధైర్యం చెప్పే ఆయమ్మ ఉంటుంది.

దీనికి వ్యతిరేకమైనవి కూడా చూసి ఉంటారు. పిలుస్తున్నా వినబడనట్టు ఫోను చూసుకునేవారు, సెలైను అయిపోవచ్చిందని చెప్పబోతే విసుక్కునేవారు, బిడ్డ పుట్టిందన్న కబురు చెప్పడానికి మామూలు కోసం చెయ్యి చాపేవారు కూడా మనకు తెలియనివారు కారు.

ఈ రెండు రకాల పనులకూ ఒక పోలిక ఉంది. వీటిని చేయమని ఎవరూ చెప్పలేదు. మంచి అయినా చెడు అయినా, ఆ ఉద్యోగి తనంతట తానే చేశాడు. రోగి ఎంత త్వరగా కోలుకుంటాడు, ఎంత క్షేమంగా ఇంటికి చేరతాడు అన్నది చాలావరకు ఇలాంటి పనుల మీదనే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ సంచికలో ఒక జబ్బు గురించో, ఒక మందు గురించో కాకుండా, పనిచేసే మనుషుల ప్రవర్తన గురించి మీతో మాట్లాడాలనుకున్నాము. మీలో చాలామంది కూడా ఏదో ఒక చోట ఉద్యోగం చేస్తున్నవారే గనుక, ఇది రోగులకే కాక అందరికీ పనికివచ్చే విషయం.

రూలు ప్రకారం మాత్రమే పనిచేస్తే?

కార్మిక సంఘాలకు బాగా తెలిసిన ఒక ఆందోళన పద్ధతి ఉంది. దానిని "వర్క్ టు రూల్" అంటారు. సమ్మె చేయరు. పని మానరు. రూల్సు పుస్తకంలో ఏమి రాసి ఉందో అంతే చేస్తారు, అక్షరం తప్పకుండా చేస్తారు, అంతకు మించి ఒక్క అడుగు వేయరు. రెండు రోజులు గడిచేసరికి రైళ్లు ఆలస్యమవుతాయి, ఫైళ్లు పేరుకుపోతాయి, ఫ్యాక్టరీలో సరుకు తగ్గిపోతుంది.

రూల్సు పాటిస్తే పని ఆగిపోవడం ఏమిటి? ఇందులోనే అసలు రహస్యం ఉంది. ఏ సంస్థ అయినా రోజూ సాఫీగా నడిచేది రాసిపెట్టిన పనుల వలన మాత్రమే కాదు. రాయని సర్దుబాట్లు, అడగని సాయాలు, ఎవరో ముందుగా ఊహించి తప్పించిన ఇబ్బందులు దానిని నడిపిస్తాయి. అమెరికాకు చెందిన డేనియల్ కాట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1964లోనే ఈ విషయం రాశారు. రాసిపెట్టిన విధుల మీదనే పూర్తిగా ఆధారపడే సంస్థ చాలా బలహీనమైనదని ఆయన వాదన. రేపు ఏమి జరుగుతుందో ముందే తెలుసుకుని అన్నిటికీ రూలు రాసిపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు కదా!

ఆసుపత్రి విషయంలో ఇది మరింత నిజం. ఇద్దరు రోగులు ఒకేలా ఉండరు. జబ్బు డ్యూటీ వేళలు చూసుకుని ముదరదు.

మేలు చేసే అయిదు అలవాట్లు

1980లలో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన డెన్నిస్ ఆర్గన్, ఆయన సహచరులు ఇలాంటి ప్రవర్తన మీద పరిశోధన చేసి దానికొక పేరు పెట్టారు. మంచి పౌరుడు ఊరి కోసం తనంతట తాను చేసే పనుల వంటివే ఇవి కూడా అన్న ఉద్దేశంతో "సంస్థాగత పౌర ప్రవర్తన" అన్నారు. 1988లో ఆర్గన్ రాసిన పుస్తకంలో ఇందులో అయిదు రకాలు చెప్పారు. వాటిని ఆసుపత్రి మాటల్లో చెప్పుకుందాం.

1. తోడుపడటం: పక్క వార్డులో ఒకేసారి ముగ్గురు రోగులు వస్తే, పిలవకముందే వెళ్లి చెయ్యి వేయడం. కొత్తగా చేరిన అమ్మాయికి సెలైను పెట్టడం ఓపికగా నేర్పడం.

2. నిబద్ధత: ఎవరూ చూడకపోయినా చేతులు కడుక్కోవడం. ఒక రోగిని ముట్టుకున్న తరువాత ఇంకో రోగి దగ్గరకు వెళ్లేముందు, రాత్రి మూడు గంటలప్పుడు కూడా, ఆ పని మరచిపోకపోవడం.

3. ముందుగా తెలియజేయడం: రేపు సెలవు కావాలంటే ఈరోజే చెప్పడం. ఫలానా మందు స్టాకు అయిపోవస్తోందని చివరి సీసా తీయకముందే స్టోరుకు కబురు పెట్టడం. దీనివలన ఇతరులకు రాబోయే కష్టం తప్పుతుంది.

4. ఓర్పు: లిఫ్టు పాడైనా, ఆ పూట క్యాంటీనులో కూర అయిపోయినా, దానినే పట్టుకుని రోజంతా సణగకపోవడం. దీని అర్థం అన్యాయాన్ని మౌనంగా భరించమని కాదు. చిన్న అసౌకర్యాన్ని పెద్ద గొడవ చేయకపోవడం మాత్రమే.

5. సంస్థ బాగోగులు పట్టించుకోవడం: మీటింగుకు వెళ్లడం, నోటీసు బోర్డు చదవడం, "మెట్ల దగ్గర లైటు లేక రోగులు జారిపడుతున్నారు" అని చెప్పవలసినవారికి చెప్పడం.

వీటిలో ఏ ఒక్కటీ గొప్ప త్యాగం కాదు. ఏ ఒక్కదానికీ విడిగా జీతం లేదు. కానీ ఇవి ఉన్న వార్డుకూ లేని వార్డుకూ తేడా ఏమిటో మంచం మీద ఉన్నవారికి ఒక్క పూటలో తెలిసిపోతుంది.

ఈ అలవాట్లు పెద్ద చదువులు చదివినవారికే సాధ్యమనుకోవద్దు. ఏమీ వ్రెస్నెవ్‌స్కీ, జేన్ డట్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ప్రచురించిన వ్యాసంలో అమెరికాలోని ఒక ఆసుపత్రి పారిశుద్ధ్య సిబ్బంది గురించి రాశారు. అందరిదీ ఒకటే పని, ఒకటే జీతం. కొందరు తమ పని అంటే తుడవడం, కడగడం అంతే అనుకున్నారు. మరికొందరు రోగులతో, వచ్చినవారితో రెండు మంచి మాటలు మాట్లాడారు, నర్సుల పనికి అడ్డం రాకుండా తమ వేళలు మార్చుకున్నారు. వీరిని అడిగితే, రోగి కోలుకోవడంలో తమకూ భాగం ఉందన్నట్టుగా చెప్పారు. నిజమే, క్రిములు లేని నేల కూడా వైద్యంలో భాగమే.

హాని చేసే నాలుగు దారులు

ఇక రెండో వైపు చూద్దాం. 1995లో శాండ్రా రాబిన్‌సన్, రెబెకా బెన్నెట్ అనే పరిశోధకులు ఉద్యోగులు తమంతట తాము చేసే హానికర పనులను నాలుగు గుంపులుగా విభజించారు.

మొదటిది పనిని ఎగవేయడం. ఆలస్యంగా రావడం, ముందుగా వెళ్లిపోవడం, కావాలని నెమ్మదిగా చేయడం, చూడని బి.పి.ని చూసినట్టు కేస్ షీటులో రాయడం. రెండోది ఆస్తికి నష్టం చేయడం. మందులు, దూది, సబ్బు ఇంటికి పట్టుకుపోవడం, రోగుల దగ్గర లంచం తీసుకోవడం. కంచే చేను మేసినట్టు, కాపాడవలసినవారే దోచుకోవడం ఇది. మూడోది లోపలి రాజకీయం. చాడీలు చెప్పడం, తనవారికి తేలిక డ్యూటీలు వేయించడం, తన తప్పును పక్కవారి మీదకు తోయడం. నాలుగోది మనుషుల మీద దాడి. తిట్టడం, బెదిరించడం, ఆడవారిని లైంగికంగా వేధించడం.

ఈ చివరిది నేరం. మన దేశంలో 2013లో పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే చట్టం వచ్చింది. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. సాధారణంగా సంఘటన జరిగిన మూడు నెలల లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కాంట్రాక్టు మీద పనిచేసేవారికి, శిక్షణలో ఉన్నవారికి, స్వచ్ఛందంగా పనిచేసేవారికి కూడా ఈ చట్టం వర్తిస్తుంది. అక్కడ ఉద్యోగం చేయని మహిళలకు కూడా, అంటే ఆసుపత్రికి వచ్చిన రోగికి కూడా, ఈ రక్షణ ఉంది. మీ ఇంటి ఆడపిల్లలు ఉద్యోగానికి వెళ్తుంటే ఈ మాట వారికి తప్పక చెప్పండి.

ఒక పుల్లవిరుపు మాట ఖరీదు

పై నాలుగింటిలో దొంగతనం, లంచం అందరికీ తప్పుగా కనబడతాయి. విసురుగా మాట్లాడటం మాత్రం "ఆయన స్వభావమే అంత" అని వదిలేస్తుంటాము. ఇది సరికాదని తేల్చిన ఒక పరిశోధన ఉంది.

ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగాల నుంచి 24 వైద్య బృందాలను తీసుకుని ఒక పరీక్ష పెట్టారు. ఒక్కొక్క బృందంలో డాక్టరు, నర్సులు ఉన్నారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పేగుల జబ్బు వచ్చి పరిస్థితి విషమించినట్టు, బొమ్మతో నిజమైన కేసులాగానే చూపించారు. కొన్ని బృందాలతో, బయటి దేశం నుంచి వచ్చిన నిపుణుడు మామూలుగా మాట్లాడాడు. మిగతా బృందాలతో, ఇక్కడి వైద్యం తనకేమీ గొప్పగా అనిపించలేదన్నట్టు చులకనగా మాట్లాడాడు. అంతే. తిట్టలేదు, అరవలేదు.

ఆ చులకన మాట విన్న బృందాలు జబ్బును గుర్తించడంలోనూ, చికిత్స చేయడంలోనూ వెనకబడ్డాయి. తమలో తాము సమాచారం చెప్పుకోవడం, సాయం అడగడం తగ్గిపోయింది. ఈ ఫలితాలు 2015లో పిల్లల వైద్యుల పత్రిక "పీడియాట్రిక్స్"లో వచ్చాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలు ఊరకే అనలేదు. అవమానపడ్డ మనసు సగం ఆ అవమానం చుట్టూనే తిరుగుతుంటే, బిడ్డ మీద పెట్టవలసిన ధ్యాస తగ్గిపోతుంది.

ఇది రోగి బంధువులకు కూడా వర్తిస్తుందని మేము వినయంగా గుర్తు చేస్తున్నాము. క్యాజువాలిటీలో సిబ్బంది మీద అరిస్తే మన వంతు త్వరగా వస్తుందని కొందరనుకుంటారు. అరుపుల మధ్య చేసే వైద్యం మన మనిషికే మంచిది కాదు. వైద్య సిబ్బంది మీద దాడులు పెరగడంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది.

నోరు విప్పడమూ సాయమే

సహోద్యోగి తప్పును దాచిపెట్టడం సాయమా? స్నేహంకొద్దీ చాలామంది అలాగే అనుకుంటారు. మందు తప్పుగా ఇచ్చిన సంగతి పైవారికి చెప్పకుండా ఇద్దరూ కలిసి కప్పిపుచ్చుతారు. చూడడానికి ఇది తోడుపాటులాగే ఉంటుంది. కానీ దాని బరువు మోసేది రోగి. మేలు చేసే ప్రవర్తనకు గుర్తు, దానివలన పక్క ఉద్యోగికి సంతోషం కలగడం ఒక్కటే కాదు. ఎవరి కోసం ఆ సంస్థ ఉన్నదో వారికి మేలు జరగడం.

ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పిల్లల గుండె ఆపరేషన్ల విషయం ఇందుకు బాధాకరమైన ఉదాహరణ. 1988లో అక్కడ చేరిన స్టీఫెన్ బాల్సిన్ అనే మత్తు డాక్టరు, ఆపరేషన్ల తరువాత చనిపోయే పసిపిల్లల సంఖ్య ఎక్కువగా ఉందని గమనించారు. లెక్కలు తీశారు, పైవారికి చెప్పారు. కొన్నేళ్లపాటు ఆయన మాట చెల్లలేదు. చివరకు ప్రభుత్వం విచారణ జరిపించింది. 2001లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం, 1991 నుంచి 1995 వరకు అక్కడ గుండె ఆపరేషన్ జరిగిన ఏడాది లోపు పిల్లల్లో, మామూలు ఆసుపత్రిలో జరిగే దానికన్నా 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారు. అక్కడ చెడ్డ ఉద్దేశం ఉన్నవారెవరూ లేరు. అందరూ కష్టపడేవారే. పెద్దవారికి ఎదురు చెప్పకూడదన్న వాతావరణమే ఆ పిల్లల పాలిట శాపమైంది.

నోరు విప్పే వీలు కల్పిస్తే ఏమవుతుందో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం చూపించింది. ఇంటెన్సివ్ కేర్‌లో రోగి పెద్ద రక్తనాళంలోకి గొట్టం పెట్టేటప్పుడు క్రిములు చేరి ప్రాణం మీదకు రావచ్చు. డాక్టర్ పీటర్ ప్రొనొవొస్ట్ బృందం అయిదు జాగ్రత్తల పట్టిక తయారు చేసింది. చేతులు కడుక్కోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయడం, రోగి ఒంటిని శుభ్రమైన గుడ్డలతో పూర్తిగా కప్పడం, వీలైతే తొడ దగ్గర గొట్టం పెట్టకపోవడం, అవసరం తీరగానే తీసివేయడం. ఇవేమీ కొత్తవి కావు. కొత్తది ఏమిటంటే, అత్యవసరం కానప్పుడు డాక్టరు ఏ జాగ్రత్త అయినా తప్పితే "ఆగండి" అని ఆపే అధికారం మిగతా సిబ్బందికి కూడా ఇచ్చారు. దాదాపు వంద ఇంటెన్సివ్ కేర్ విభాగాల్లో ఈ పద్ధతి వలన ఆ రకం ఇన్ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయని 2006లో ప్రకటించారు. ఒక నర్సు ధైర్యంగా చెప్పిన "ఆగండి" అన్న మాటకు ఉన్న విలువ అది.

అదే మనిషి, రెండు ముఖాలు

మంచి ఉద్యోగులు ఒక జాతి, చెడ్డ ఉద్యోగులు ఒక జాతి అని మనం అనుకుంటాము. చెడ్డవారిని తీసేస్తే సరిపోతుందంటాము. కానీ 2005లో రీషాద్ దలాల్ అనే పరిశోధకుడు అంతకుముందు జరిగిన అనేక అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే వేరే సంగతి బయటపడింది. మేలు చేసేవారు హాని తక్కువగా చేయడం నిజమే గానీ, ఆ సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదు. అంటే ఒకే మనిషి ఒక పూట పక్కవారికి సాయపడవచ్చు, ఇంకో పూట పని ఎగవేయవచ్చు. చేయి చాపే వార్డు బాయే రక్తం దొరకని రాత్రి తన రక్తం ఇచ్చి ఉండవచ్చు.

మరి తేడా ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి జవాబు చెప్పే ఒక అధ్యయనం 1990లో వచ్చింది. జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే ఆయన ఒక అమెరికా కంపెనీ ఫ్యాక్టరీలను గమనించారు. కాంట్రాక్టులు పోవడంతో రెండు ఫ్యాక్టరీల్లో పది వారాలపాటు జీతం 15 శాతం తగ్గించారు. ఒక చోట యాజమాన్యం గంటన్నరసేపు కూర్చుని లెక్కలు చూపించి, కారణం వివరించి, బాధ వ్యక్తం చేసి, ప్రశ్నలకు జవాబులు చెప్పింది. రెండో చోట పదిహేను నిమిషాల్లో విషయం చెప్పి వెళ్లిపోయింది. మూడో ఫ్యాక్టరీలో జీతం తగ్గించలేదు.

జీతం తగ్గిన రెండు చోట్లా సామాను దొంగతనాలు పెరిగాయి. కానీ పదిహేను నిమిషాల్లో చెప్పి వెళ్లిపోయిన చోట మరీ ఎక్కువగా పెరిగాయి. నష్టం రెండు చోట్లా ఒక్కటే. గౌరవంగా వివరించిన చోట దొంగతనం తక్కువ. జీతాలు మళ్లీ మామూలు కాగానే దొంగతనాలు కూడా తగ్గాయి. ఆ మనుషులు అంతకుముందూ దొంగలు కారు, తరువాతా కారు. అన్యాయం జరిగిందన్న బాధ వారి చేత ఆ పని చేయించింది. దీని అర్థం దొంగతనం ఒప్పు అని కాదు. జ్వరానికి మందు వేసినట్టే, జ్వరం ఎందుకు వచ్చిందో కూడా చూడాలి అని మాత్రమే.

హాజరు యంత్రం ఒక్కటే చాలదు

2002, 2003 సంవత్సరాల్లో పరిశోధకులు మన దేశంలో ముందుగా చెప్పకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వెళ్లి చూశారు. ఉండవలసిన సిబ్బందిలో 40 శాతం మంది అక్కడ లేరు. వీరిలో సెలవు పెట్టినవారు, వేరే పని మీద వెళ్లినవారు కూడా ఉన్నారు. ఏమైనా, వచ్చిన రోగికి మాత్రం తలుపు దగ్గర ఎవరూ కనబడలేదు. ఇది 2006లో ప్రచురితమైన లెక్క.

దీనికి విరుగుడుగా రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో ఒక ప్రయత్నం చేశారు. గ్రామ నర్సులు వచ్చిన తేదీ, సమయం ముద్రించే యంత్రాలు పెట్టారు. రాకపోతే జీతం కోత అన్నారు. మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. ఆ తరువాత "ఈరోజు మీటింగు", "ఈరోజు వేరే డ్యూటీ" అని మినహాయింపు రోజులు పెరిగిపోయాయి. పైఅధికారులు వాటికి ఒప్పుకున్నారు. ఏడాదిన్నర తిరగకముందే యంత్రం ఉన్న చోటికీ లేని చోటికీ తేడా లేకుండా పోయింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, రేచల్ గ్లెన్నర్‌స్టర్ 2008లో ఈ సంగతి రాశారు.

యంత్రం వద్దని మేము చెప్పడం లేదు. నిఘా కొంతవరకు హానిని ఆపుతుంది. కానీ మేలును పుట్టించలేదు. మనిషిని వార్డులో నిలబెట్టడం యంత్రానికి సాధ్యం కావచ్చు, ముసలమ్మ చెయ్యి పట్టుకునేలా చేయడం దానివల్ల కాదు.

మంచితనాన్ని పిండుకోకూడదు

ఇక్కడ యాజమాన్యాలకు, పెద్దలకు ఒక హెచ్చరిక అవసరం. ఇష్టంతో చేసే పని విలువైనదని తెలిశాక, దానినే బలవంతంగా చేయించే ప్రమాదం ఉంది. "సేవాభావం ఉంటే ఇంకో షిఫ్టు చేయవచ్చు కదా" అనే మాట వినడానికి మెత్తగా ఉంటుంది, కాదనడానికి కష్టంగా ఉంటుంది. ఇజ్రాయెల్ పరిశోధకుడు ఎరన్ విగోడా-గడోట్ 2006లో దీనికి "నిర్బంధ పౌర ప్రవర్తన" అని పేరు పెట్టారు. ఇలా ఒత్తిడితో చేసినవారు అలసిపోతారు, మనసు విరిగిపోతుంది. 2017లో వచ్చిన మరో పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. బలవంతంగా అదనపు పని చేసినవారికి "ఇంత చేశాను గనుక నాకు ఆ మాత్రం హక్కు ఉంది" అనే భావన కలిగి, తరువాత హాని చేసే పనులకు దిగే అవకాశం పెరుగుతుంది. మేలును పిండితే కారేది చేదు రసమే.

మన పల్లెల్లో తిరిగే ఆశా కార్యకర్తలను చూడండి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు వారిని ఉద్యోగులుగా కాక స్వచ్ఛంద కార్యకర్తలుగానే లెక్కించారు. కరోనా రోజుల్లో ఇల్లిల్లూ తిరిగింది వారే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిని గౌరవించింది. గౌరవం సంతోషమే, కానీ రోజంతా చేసే పనిని "స్వచ్ఛందం" అని పిలిస్తే అందవలసిన ఫలం తగ్గిపోతుందని వారు ఎన్నోసార్లు రోడ్డెక్కి మొరపెట్టుకున్నారు. ఆ మొర వినడం మన ధర్మం.

2018 మే నెలలో కేరళలోని పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో పనిచేసిన లినీ పుతుస్సేరి అనే నర్సును కూడా తలచుకోవాలి. అప్పటికి అది నిపా వైరస్ అని ఎవరికీ తెలియదు. జ్వరంతో వచ్చిన యువకుడికి ఆమె సేవ చేసింది. ఆ జబ్బే తనకూ సోకి మరణించింది, ఇద్దరు చిన్న బిడ్డలను విడిచి. ఆమె తాత్కాలిక ఉద్యోగి. ఇలాంటివారిని పొగడడం తేలిక. వారికి మాస్కు, గ్లౌజులు, తగిన విశ్రాంతి, న్యాయమైన జీతం ఏర్పాటు చేయడమే అసలైన కృతజ్ఞత.

మనం చేయగలిగినవి

పనిచేసే చోట:
- ఈ రోజు అడగకుండా ఒక్క సాయం చేయండి. చిన్నదైనా చాలు.
- షిఫ్టు మారేటప్పుడు తరువాతివారికి తెలియవలసిన సంగతి నోటితో చెప్పండి, కాగితం మీద కూడా రాయండి.
- పొరపాటు జరిగితే దాచవద్దు. పక్కవారి పొరపాటు చూస్తే నలుగురిలో కాకుండా వెంటనే వారికి చెప్పండి. రోగికి ప్రమాదం ఉంటే పైవారికి చెప్పండి.
- చేయలేని రోజు "ఈరోజు నాకు వీలుకాదండి" అని చెప్పడం తప్పు కాదు.

పైస్థాయిలో ఉన్నవారు:
- కష్టమైన నిర్ణయం తీసుకున్నప్పుడు కారణం వివరించండి. కూర్చుని వినండి.
- తేలిక డ్యూటీలు, కష్టమైన డ్యూటీలు అందరికీ సమానంగా వేయండి.
- చెడు కబురు తెచ్చినవారిని కసురుకోవద్దు. ఒకసారి కసిరితే మరోసారి ఎవరూ చెప్పరు.

రోగులు, కుటుంబాలు:
- సాయం చేసినవారి పేరు తెలుసుకుని కృతజ్ఞత చెప్పండి. ఫిర్యాదు రాసేందుకు పెన్ను తీస్తాము, మెప్పు రాసేందుకు కూడా తీయాలి.
- మామూలు ఇవ్వవద్దు. ఇచ్చేవారు ఉన్నంతకాలం, ఇవ్వలేని పేదవారి మంచం దగ్గరకు ఎవరూ రారు. ఎవరైనా అడిగితే కార్యాలయంలో తెలియజేయండి.
- సందేహం ఉంటే మర్యాదగా అడగండి. "సిస్టర్, ఈ మాత్ర నిన్న ఇచ్చినట్టు లేదు, ఒకసారి చూస్తారా?" అనే ప్రశ్న పెద్ద పొరపాటును ఆపవచ్చు. అలాగే "చేతులు కడుక్కున్నారా?" అని అడిగే హక్కు మీకు ఉంది.
- సిబ్బంది కూడా ఒకరి బిడ్డలే. వారూ నిద్రలేని రాత్రి గడిపి ఉండవచ్చు.

ప్రియ పాఠకులారా, మీరు ఈ పత్రికను ఓ.పి. వరండాలో బల్ల మీద కూర్చుని చదువుతుంటే, కాసేపు చుట్టూ చూడండి. డ్యూటీ చార్టులో రాయని ఏదో ఒక మంచి పని ఇప్పుడు కూడా అక్కడ జరుగుతూ ఉంటుంది. ఎవరో ఒకరు వీల్‌చైరు తోస్తూనో, ఎవరికో దారి చూపిస్తూనో ఉంటారు. అది మీ కంటపడితే ఆ మనిషిని పిలిచి, "మంచి పని చేశారండి" అని ఒక్క మాట చెప్పండి. మీ వంతు మొదలయ్యేది అక్కడే.